జూన్ ముప్పై ఒకటి

“మీరు రాసిచ్చిన పన్నెండు సాక్ష్యాల్లో ఒకటి అబద్ధం,” అన్నాడు శిక్షణ నడిపే అన్న. “ఎవరిదో నాకు తెలుసు. పేరు చెప్పను. వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం లోపల వాళ్ళే వచ్చి చెబితే అందరికీ మంచిది.”

మంగళవారం సాయంత్రం. చర్చి మీది మేడగదిలో గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో పన్నెండు మంది కూర్చుని ఉన్నారు, అందరూ ముప్పై లోపువాళ్ళే. తొమ్మిది నెలల శిష్యత్వ శిక్షణ అది. ఇంకో పదకొండు రోజుల్లో ముగుస్తుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట పడగానే ఒకరు దగ్గారు, ఒకరు ఫోన్ తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నారు, ఒకరు ఊడని చెప్పును సరిచేసుకున్నారు. ఏమీ చేయనిది అద్దాలమ్మాయి ఒక్కతే. ఆమె ఊపిరి కూడా ఆపేసింది.

ఆ అబద్ధం తనదేనని ఆమెకు తెలుసు.

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలను ఫ్రేము కొలతకు అరగదీసి బిగించడం ఆమె పని. అందుకే అక్కడ అందరూ అద్దాలమ్మాయి అంటారు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. శిక్షణలో చేరేటప్పుడు అందరికీ ఒక కాగితం ఇచ్చారు. అందులో మూడో ప్రశ్న: రక్షణ పొందిన తేదీ, అంటే ప్రభువును నమ్ముకున్న రోజు. నాలుగో ప్రశ్న: ఆ రోజు ఏం జరిగిందో అర పేజీలో రాయండి. దాన్నే సాక్ష్యం అంటారు. ఆ మూడో ప్రశ్న దగ్గర ఆమె రెండు రోజులు కూర్చుంది. అమ్మమ్మ ఒళ్ళో ఉన్నప్పటినుంచీ ఆమెకు చర్చి తెలుసు, ప్రార్థన తెలుసు, నమ్మకం తెలుసు. అది ఏ తేదీన మొదలైందంటే ఏం చెబుతుంది? చేపను పట్టుకుని నువ్వెప్పుడు తడిశావని అడిగినట్టుంది. కానీ ఆ గడి ఖాళీగా వదిలితే తీసుకోరని ఎవరో అన్నారు. దుకాణంలో గోడకున్న కాలెండరు చూసి, రెండేళ్ళు వెనక్కి లెక్కవేసి, ఏప్రిల్ పదిహేడు అని రాసింది. అర పేజీ నిండాలి కనక ఆ రోజు వాన కూడా కురిపించింది.

ఈ సంగతి ఆమె లోకంలో ఒక్కరికే చెప్పింది. నర్సక్కకు.

శిక్షణలో ఇద్దరిద్దరిని జంటలుగా కలుపుతారు. ఒకరి తప్పులు ఒకరు వినాలి, ఒకరికొకరు జవాబుదారీగా ఉండాలి, విన్నది మూడో మనిషికి దాటకూడదు. ఇదీ నియమం. మొదటి రోజే, కరెంటు పని చేసే కుర్రాడు, వాణ్ణి అందరూ కరెంటు అనే పిలుస్తారు, “సంబంధాలు చూసే పని లేకుండా చర్చిలోనే జంట కుదిర్చేస్తున్నారు” అని నవ్వించాడు. అద్దాలమ్మాయికి జంటగా కుదిరింది నర్సక్క. ఆమె వృద్ధాశ్రమంలో నర్సు. చెవులు వినపడని ముసలివాళ్ళతో ఆరేళ్ళుగా మాట్లాడి మాట్లాడి గొంతు దండోరా అయిపోయింది. రహస్యం చెప్పినా పక్క కుర్చీవాడు తల తిప్పుతాడు. “నర్సక్క ప్రార్థిస్తే పరలోకానికి మైకు అక్కర్లేదు,” అనేవాడు కరెంటు.

నాలుగో నెలలో ఒక గురువారం, జంటల సమయంలో, అద్దాలమ్మాయి తేదీ సంగతి బయటపెట్టింది. నర్సక్క చాలాసేపు మాట్లాడలేదు. అంతసేపు ఆమె మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. చివరికి, “పోనీలేవే, దేవుడి ఇంట్లో కాలెండరు ఉంటుందా ఏంటి,” అంది, ఆమెకు చేతనైనంత మెల్లగా.

ఇప్పుడు ఆ మాట ఎవరు మోశారు?

దీనికింత గుండె దడ ఎందుకంటే, కారణం ఉంది. శిక్షణ ముగిసే రోజునే పిల్లల క్లాసు ఎవరికిస్తారో చెబుతారు. ఆదివారం ఆరాధన జరుగుతున్నప్పుడు వెనక గదిలో ఇరవై ముగ్గురు పిల్లలు. ఆరు నెలలుగా అద్దాలమ్మాయి అక్కడ సాయం చేస్తోంది. పెద్దవాళ్ళ ముందు నోరు పెగలని మనిషి, ఆ పిల్లల మధ్య కూర్చుంటే కథ మీద కథ చెబుతుంది. జంతువులన్నీ ఎక్కిన ఓడ కథ చెబుతున్నప్పుడు ఏనుగు తొండం గుమ్మంలో ఇరుక్కుందని తన సొంతంగా కలిపితే, ఒక చిన్నది నవ్వి నవ్వి కింద దొర్లింది. బతుకులో ఆమె ఎవరినైనా అంత నవ్వించడం అదే మొదటిసారి. “క్లాసు నీకే అనుకుంటున్నామమ్మా,” అని పాస్టరు అయ్యగారు ఒకసారి అన్నారు కూడా. సాక్ష్యం అబద్ధమైన మనిషికి పిల్లల్ని అప్పగించరు. అది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి అన్నం పెడుతూ పిన్ని మొహం చూసి అడిగింది. “ఏమైందే? పళ్ళెంలో చెయ్యి పెట్టుకుని ఎటో చూస్తున్నావ్.”

“పిన్నీ, నీ మాట ఒకటి నువ్వు ఒకళ్ళకే చెప్పావనుకో. అది బయటికొచ్చింది. వాళ్ళే చెప్పినట్టు కదా?”

“పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా,” అంది పిన్ని. “వాళ్ళు చెప్పారో లేదో తర్వాత. ముందు నువ్వెందుకు చెప్పావ్?”

అద్దాలమ్మాయి చిన్నప్పటినుంచీ చూసే మనిషి. మాట్లాడేవాళ్ళకు కనపడనివి ఆమెకు కనపడతాయి. ఆ మంగళవారమే చూసింది. అన్న ఆ మాట అనగానే నర్సక్క చేతిలోని పెన్ను కింద పడింది. వంగి తీసుకోలేదు. క్లాసు అయ్యాక అందరికంటే ముందు లేచి అన్న గదిలోకి వెళ్ళబోయి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. మెట్ల దగ్గర “వస్తానే చెల్లీ” అంది గాని మొహంలోకి చూడలేదు. ఎప్పుడూ భుజం మీద ఒక దెబ్బ వేసి గాని కదలని మనిషి.

తప్పు చేసినవాళ్ళ నడక అలాగే ఉంటుంది అనుకుంది అద్దాలమ్మాయి.

అనుకోవడం వేరు, తేల్చుకోవడం వేరు. కళ్ళజోడు సరిపోలేదని ఎవరైనా తిరిగొస్తే ఆమె వాదించదు. అద్దాన్ని పరికరం కింద పెట్టి చూస్తుంది, తేడా ఎంతో అదే చెబుతుంది. ఇక్కడా అదే చేద్దామనుకుంది. గురువారం జంటల సమయంలో నర్సక్క పక్కన కూర్చుని, నేల చూస్తూ చెప్పింది.

“అక్కా, కుడి కన్ను మసకేస్తోంది. వారం నుంచి. అద్దం అంచు సరిగ్గా కనపట్లేదు. పని పోతుందని భయంగా ఉంది. ఎవరికీ చెప్పకు.”

అది పచ్చి అబద్ధం. ఆమె కళ్ళు సూది బెజ్జంలోంచి ఊరు చూడగలవు.

నర్సక్క మొహం పాలిపోయింది. “డాక్టరుకు చూపించావా?”

“లేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.”

“నేనెవరికి చెబుతానే,” అంది నర్సక్క. ఆ మాట కూడా గది సగం విన్నట్టే ఉంది.

శుక్రవారం ఏమీ కాలేదు. శనివారం, ఆదివారం ఏమీ కాలేదు. ఆదివారం పిల్లల క్లాసులో కథ చెబుతూ మధ్యలో ఆగిపోయింది, ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయి. సోమవారం పదకొండు గంటలకు దుకాణం గాజు తలుపు తోసుకుని పాస్టరు అయ్యగారి భార్య, అమ్మగారు వచ్చారు.

అమ్మగారికి కళ్ళజోడు లేదు. ఆ దుకాణంలో ఆమెకు ఏ పనీ లేదు. కౌంటరు దగ్గర నిలబడి, అద్దాలమ్మాయి చెయ్యి పట్టుకుని, సూటిగా ఆమె కుడి కంట్లోకి చూశారు.

“ఎలా ఉందమ్మా?”

“ఏది, అమ్మగారూ?”

“భయపడకు. అన్నీ బాగవుతాయి. పని కూడా ఎక్కడికీ పోదు.”

యజమాని ముసలాయన లోపల్నుంచి తొంగి చూశాడు. అద్దాలమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. “మీకెవరు చెప్పారు అమ్మగారూ?”

అమ్మగారు నవ్వారు. ఆ నవ్వులో కాస్త గర్వం కూడా ఉంది. “కొన్ని ఎవరూ చెప్పక్కర్లేదమ్మా. వంటింట్లో పని చేసుకుంటుంటే నా మనసులో పడింది. కుడి కన్ను, కుడి కన్ను అని. ఇలాంటివి నాకు అప్పుడప్పుడు తెలుస్తుంటాయి.”

అమ్మగారు వెళ్ళాక అద్దాలమ్మాయి ఒక అద్దాన్ని ఎక్కువ అరగదీసి పాడుచేసింది. రెండేళ్ళలో అలా చేయడం అదే మొదటిసారి. మనసులో పడిందట. నర్సక్క నోట్లోంచి నేరుగా పడి ఉంటుంది. పైగా మోసిన మనిషిని కాపాడటానికి అమ్మగారు దేవుణ్ణి అడ్డం పెడుతున్నారు. కన్ను సంగతి నాలుగు రోజుల్లో వంటింటికి చేరినప్పుడు, తేదీ సంగతి అయిదు నెలల్లో ఎక్కడిదాకా పోయి ఉంటుంది? అయ్యగారికి తెలుసు, అన్నకు తెలుసు. కరెంటు ఆదివారం తనను చూసి “ఏంటి అద్దాలమ్మాయ్, ఇవాళ బొత్తిగా మూగనోమా” అన్నాడు. వాడికీ తెలుసేమో.

మంగళవారం ఒక గంట ముందే చర్చికి వెళ్ళింది. నర్సక్క ఉదయం డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వస్తుందని తెలుసు. మొహం మీదే అడగాలి. అడిగి, అన్నతో చెప్పి జంట మార్పించుకోవాలి. అనాల్సిన మాటలు దారిపొడవునా కూడబలుక్కుంది. మొదటి మాట, “నీకు నమ్మి చెప్పాను అక్కా.” రెండోది ఇంకా గట్టిది.

మేడగది పక్కన చాపలు, పాత పాటల పుస్తకాలు పెట్టే చిన్న గది ఉంది. సగం మెట్లు ఎక్కేసరికి ఆ గదిలోంచి గొంతు వినిపించింది. తలుపు వేసే ఉంది. అయినా ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

“ప్రభువా, మా అద్దాలమ్మాయి కుడి కన్ను. అది నీ చేతుల్లో పెడుతున్నా. కళ్ళు పోతే ఆ పిల్ల బతుకేం కాను తండ్రీ? ఎవరికీ చెప్పనని మాటిచ్చా, అందుకే నీకే చెబుతున్నా. శుక్రవారం నుంచి మధ్యాహ్నం ముద్ద ముట్టలేదు, నువ్వు చూస్తూనే ఉన్నావ్…”

ఆరాధనలో అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తారు. అక్కడ ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. ఒంటరిగా ఉన్నా ఆ అలవాటే. అందులోనూ ఈమె చెవిటివాళ్ళ నర్సు. అద్దాలమ్మాయి గోడ పైకి చూసింది. చాపల గది గోడలో పైన కిటికీ కాని కంత ఒకటి, గాలి ఆడటానికి పెట్టింది. అది వెనకవైపు, చర్చిని ఆనుకునే ఉన్న అమ్మగారి వంటింటి మీదికి తెరుచుకుని ఉంది.

అమ్మగారి మనసులో పడింది అక్కడి నుంచే.

వెంటనే కిందికి దిగిపోవాల్సింది. కానీ ఆమె అక్కడే నిలబడిపోయింది. మరి తేదీ? తేదీ కూడా ఇలాగే దేవుడికి చెప్పి ఉంటుందా? లోపల గొంతు కాస్త ఆగి, మళ్ళీ మొదలైంది. ఈసారి ఏడుపుతో.

“ఆ కాగితం సంగతి కూడా. నాకు ధైర్యం చాలట్లేదు. పోయిన మంగళవారం అన్న గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశా. ఆ అబద్ధం నాదే. జూన్ ముప్పై ఒకటి అని రాశా. జూన్‌కి ముప్పయ్యే రోజులని ఆ క్షణాన తట్టలేదు. ఆ పిల్ల తన సంగతి చెప్పిన రోజైనా నాదీ అంతేనే అని చెప్పాల్సింది. పెద్దదాన్ని, సిగ్గేసింది…”

కింద వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అద్దాలమ్మాయి వెనక్కి దిగింది. రెండో మెట్టు మీద చెప్పు టపటపమంది. గొంతు ఠక్కున ఆగింది. ఆమె వెనక్కి చూడకుండా వీధిలోకి వచ్చేసి, ఆ రోజు క్లాసుకే వెళ్ళలేదు.

ఇంటికి నడుస్తూ ముందు లెక్క తేల్చుకుంది. అన్న కాగితాల్లో పట్టుకున్నది జూన్ ముప్పై ఒకటి. తన ఏప్రిల్ పదిహేను కాలెండరులో ఉన్న రోజే. ఎవరూ మోయలేదు, ఎవరికీ తెలియదు. క్లాసు తనదే. నోరు విప్పకుండా కూర్చుంటే చాలు, ఆ పని తనకు పుట్టుకతో వచ్చిందే.

పదిహేను కాదు, పదిహేడు. తన తేదీ తనకే తప్పిపోయింది. రోడ్డు మధ్యలో నిలబడి ఆమె ఒకసారి మళ్ళీ అనుకుంది: పదిహేడు.

శనివారం ఉదయం అన్న ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పన్నెండు కుర్చీలూ నిండాయి. ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు. పదకొండు రోజులుగా అంతే. టీ కప్పులు అందుకునేటప్పుడు కూడా వేళ్ళు తగలకుండా అందుకుంటున్నారు.

“ఎవరూ రాలేదు,” అన్నాడు అన్న. “సర్టిఫికెట్ల మీద మీ ఆత్మీయ జన్మదినం అచ్చు వేయించాలని తేదీలన్నీ తీశాను. అప్పుడు కనపడింది. చివరిసారి అడుగుతున్నాను. చెప్పకపోతే నేనే చదవాల్సి వస్తుంది.”

నర్సక్క వేళ్ళు ఒడిలోని సంచి పట్టీని మెలిపెడుతున్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. అన్న ఫైలు తెరిచాడు. కూర్చుంటే ఇది రెండో అబద్ధం అవుతుంది అనిపించింది అద్దాలమ్మాయికి. మొదటిదాని కంటే ఇదే పెద్దది.

“అన్నా,” అంటూ లేచింది. “నా సాక్ష్యం అబద్ధం.”

అన్న కాగితాలు తిరగేశాడు. “నీదా? నీది కాదమ్మా, కూర్చో. నీది ఏప్రిల్ పదిహేడు. సరిగ్గా ఆదివారం పడింది. నేను కాలెండరు చూశాను కూడా.”

“నేనూ చూసే రాశానన్నా.”

“మరి ఆ వాన?”

“అది కూడా నేనే కురిపించాను.”

ఎవరో నవ్వు ఆపుకోలేక ముక్కుతో వదిలారు. అన్న మొహం ఎర్రబడింది. ఆయన ఇంకేదో అనబోయేలోగా కరెంటు లేచి నిలబడ్డాడు.

“అన్నా, అడిగారు కాబట్టి. క్యాంపులో రక్షణ కావాలన్నవాళ్ళు చెయ్యెత్తమంటే అందరూ ఎత్తారు, నేనూ ఎత్తాను. ఆ రోజేంటో గుర్తులేదు. మా బావ పెళ్ళి తేదీ రాశాను. అదైతే మర్చిపోనని.”

వాడి పక్కన కుట్టుపని అమ్మాయి లేచింది. తర్వాత ఆ చివరన ఇద్దరు, ఒకరి తర్వాత ఒకరు. ఆ అబద్ధం నాదేనా అనుకున్నవాళ్ళందరూ తమను ఎవరు పట్టించారా అని ఇన్నాళ్ళూ పక్కవాళ్ళనే అనుమానించారని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి. మొత్తం అయిదుగురు నిలబడ్డారు. నర్సక్క లేవలేదు. సంచిలోకి చూస్తూ కూర్చుంది.

అన్న ఆమె వైపు ఒకసారి చూశాడు. నిలబడ్డ అయిదుగురినీ చూశాడు. ఫైలు మూసేశాడు. ఇవాళ్టికి ఇంకే కాగితమూ చదివేలా లేడు.

“మరి మీ తేదీ ఏంటన్నా?” అడిగాడు కరెంటు, ఎగతాళిగా కాదు.

“అందరూ కూర్చోండి,” అన్నాడు అన్న. కాసేపటికి అద్దాలమ్మాయితో, “పిల్లల క్లాసు సంగతి అయ్యగారితో మాట్లాడి చెబుతానమ్మా,” అన్నాడు.

ఆ చర్చిలో మాట్లాడి చెబుతామన్నవి ఏవీ చెప్పగా ఆమె వినలేదు. తల ఊపింది. ఆదివారం ఆ వెనక గదిలో ఎవరు కూర్చుంటారో, ఏనుగు తొండం సంగతి వాళ్ళకు ఎవరు చెబుతారో అనుకుంటూ మెట్లు దిగింది.

“ఆగవే.”

నర్సక్క గబగబా దిగి వచ్చింది. ఒక మెట్టు పైనే నిలబడింది. కళ్ళలో భయం ఉంది. లెక్క అడిగే భయం అది.

“మంగళవారం నేను చాపల గదిలో ఉన్నప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నువ్వేనా?”

కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఎవరూ చూడలేదు.

“నేనే.”

“ఎంతవరకు విన్నావ్?”

“కంటి దగ్గర్నుంచి జూన్ దాకా.”

నర్సక్క గోడ పట్టుకుంది. ఆమె కుడి కంట్లోకి చూస్తూ అడిగింది. “కన్ను ఎలా ఉంది?”

“దానికేం కాలేదక్కా. అబద్ధం చెప్పాను. నువ్వు మోస్తావో లేదో చూద్దామని.”

“వారం రోజులు పస్తు ఉన్నానే దానికి,” అంది నర్సక్క. కోపంగా కాదు. ఎవరో ఎంత తిన్నారో అడిగితే చెప్పినట్టు చెప్పింది. “మధ్యాహ్నం ముసలాళ్ళకు తినిపిస్తుంటే కళ్ళు తిరిగేవి.”

క్షమించు అనే మాట అద్దాలమ్మాయికి ఆ చోట మరీ చిన్నదిగా కనిపించింది.

“సరే,” అంది నర్సక్క. “నా సంగతి తెలిసీ అక్కడ ఎందుకు చెప్పలేదు? నీ క్లాసు పోయింది కదా.”

“నువ్వు నాకు చెప్పలేదుగా. దేవుడికి చెప్పుకున్నావు.”

నర్సక్క ఆ మాట విని ఆమె మొహంలోకే చూసింది, ఇందులో ఎగతాళి ఉందా అని వెతుకుతున్నట్టు. ఉందో లేదో తేల్చుకుందో లేదో తెలియదు. భుజానికున్న సంచి తీసి అద్దాలమ్మాయి చేతిలో పెట్టింది.

“పట్టుకో. వస్తాను.”

“ఎక్కడికి?”

“పైకి. అన్న ఇంకా ఉన్నాడు.”

“నేనూ రానా?”

“వద్దు. నువ్విప్పుడు నమ్మకస్తురాలివో కాదో నాకే తెలియట్లేదు.” అని రెండు మెట్లు ఎక్కి ఆగింది. “అయినా పట్టుకో.”

పైన తలుపు మూసుకున్న చప్పుడైంది. అద్దాలమ్మాయి సంచి గుండెకు ఆనించుకుని కొంచెంసేపు అక్కడే నిలబడింది. పైనుంచి మొదటి మాట ఇంకా రాలేదు. వచ్చేలోగా ఆమె వసారా దాటింది, గేటు దాటింది, రోడ్డు కూడా దాటి అవతలి వైపు, పై మాటలు చెవిన పడని చోట, బస్సులు పోయే చప్పుడులో నిలబడింది.